కత్తిరించని నీడ

అక్కయ్యగారు పోయారని నాకు చెప్పింది ఆవిడ ఇంటివాళ్లు కాదు, ఆబిడ్స్‌లో మా ఆఫీసు కింద ఉన్న ఫొటో స్టూడియో ఆయన. సాయంత్రం బస్సు కోసం గబగబా మెట్లు దిగుతుంటే కౌంటరు వెనకనుంచి కేకేసి ఆపాడు.

"అమ్మా, జర ఆగున్రి. మీ నాంపల్లి అక్క పోయిన్రు. మీకు ఎరికెనే అనుకున్న."

నాకు ఎరుక లేదు. అక్కడే స్టూలు మీద కూలబడ్డాను. ఆయన గ్లాసుతో నీళ్లిచ్చి, నేను తాగేదాకా ఆగి, మిగతా సంగతి చెప్పాడు.

"ఇంటోళ్లు వచ్చిన్రు. దినాల రోజుకు గోడకు పెట్టెతందుకు ఫొటో కావాల్నట. ఆమె రీళ్లు నా దగ్గర డబ్బాలకు డబ్బాలున్నయి. అన్ని తీసి చూసిన. పిట్టలున్నయి, చెట్లున్నయి, ఉడతలున్నయి. ఆమె మొహం ఒక్కదాంట్ల లేదు."

ఏడవాల్సిన చోట నాకు నవ్వొచ్చింది. ఆవిడ వింటే ఆవిడా నవ్వేవారు. కాని ఆయన తర్వాత చెప్పిన మాటకు నా నవ్వు ఆగిపోయింది. ఎప్పటిదో పెళ్లి గ్రూపు ఫొటో ఒకటి పట్టుకొచ్చారట. వెనక వరసలో, కొంగు చాటున, అక్కయ్యగారి మొహం సగం కనిపిస్తోందట. ఆ తల కత్తిరించి, పట్టుచీరలో కుర్చీ మీద కూర్చున్న ఇంకెవరి ఒంటికో అతికించి, రంగులద్ది ఇమ్మన్నారట. స్టూడియోల్లో ఇది మామూలు పనే. ఫొటో లేకుండా పోయినవాళ్లు ఎంతమంది అలా అరువు ఒళ్లతో గోడలెక్కలేదు! కాని ఈవిడకా? బతికున్నన్నాళ్లూ తనను కత్తిరించనివ్వని మనిషికి, కళ్లు మూయగానే కత్తెర పెడతారా?

"చెయ్యకండి," అన్నాను. "నేను వెళ్లి మాట్లాడతాను. అంతదాకా ఆ కత్తెర ముట్టుకోకండి."

నాకంత కోపం ఎందుకొచ్చిందో తెలియాలంటే ఆవిడ ఎలాంటి మనిషో మీకు చెప్పాలి.

రాజధాని కర్నూలునుంచి హైదరాబాదుకు మారినప్పుడు మా ఆయన ఉద్యోగంతో పాటు మేమూ ఈ ఊరొచ్చాం. నాంపల్లి స్టేషను వెనక సందులో రెండు గదులు కిరాయికి దొరికాయి. ఆ ఇల్లు ఇద్దరు తోటికోడళ్లది. పెద్దావిడ భర్తకు సుల్తాన్ బజారులో గుడ్డల దుకాణం. చిన్నావిడ భర్త రైల్వేలో పనిచేస్తూ, మేం రావడానికి ముందే పోయాడు. పిల్లలు లేరు. ఆ చిన్నావిడే మా అక్కయ్యగారు.

మొదట్లో మా ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి సగమే అర్థమయ్యేది. "మీ తెలుగు మంచిగుంటది చెల్లె, గని వింటుంటే ఇగ ఎవరో ఏడుస్తరనిపిస్తది, సినిమాలెక్క," అనేవారు. నేను ఊరుకుంటానా? "మీరు మాట్లాడుతుంటే ఎవరో ఎవర్నో కొట్టబోతున్నట్టుంటుంది అక్కయ్యగారూ," అన్నాను. ఆ రోజునుంచి మా స్నేహం కుదిరింది.

ఈ ఊళ్లో నాకు మొదటి చలికాలం అది. తెల్లవారుతుండగా పాలకోసం తలుపు తీస్తే, ఆవిడ గోధుమరంగు శాలువా కప్పుకుని గడప దాటుతున్నారు. మెళ్లో తోలుపట్టీ, దానికి నల్లటి డబ్బా కెమెరా. లోపలినుంచి పెద్దావిడ గొంతు వినిపిస్తోంది. "మెడకేసుకుని ఊరేగుడేంది? సంచిల పెట్టుకోరాదు?"

"దొంగ సొమ్మా, సంచిల పెట్టుకుంటందుకు?" అని జవాబిచ్చి ఈవిడ బయటపడ్డారు.

ఆ కెమెరా భర్తది. ఆయన దానితో రైలింజన్లు తీశాడు, అన్నదమ్ముల్ని తీశాడు, స్టేషన్లో స్నేహితుల్ని తీశాడు. భార్యను మాత్రం రీలు చివర్లో, తీరిగ్గా తీస్తానన్నాడు. రీలు సగంలో ఉండగానే జ్వరమొచ్చి పోయాడు. కర్మకాండలయ్యాక కెమెరాను ఎవరికైనా ఇచ్చెయ్యమన్నారు ఇంటివాళ్లు. ఆవిడ ఇవ్వలేదు. "రీలు సగంల ఉన్నది. సగం రీలు ఎవరన్న పారేస్తరా?" అన్నారు. దాన్ని మెళ్లో వేసుకుని పబ్లిక్ గార్డెన్స్‌కు వెళ్లి, మిగిలిన సగం పిట్టల మీద వాడేశారు. అది అయిపోయాక ఇంకో రీలు కొన్నారు. ఆ తర్వాత ఎవరు ఆపితే ఆగుతారు?

ఆపాలని చూసినవాళ్లకు కొదవేమీ లేదు. భర్త లేని మనిషి పొద్దున్నే ఎదురు రాకూడదనే ఘనులు అన్ని వీధుల్లో ఉన్నట్టే మా సందులోనూ ఉన్నారు. ఒకాయన కోర్టు పని మీద బయల్దేరి, ఈవిణ్ణి చూసి, చెప్పులు విడిచి మళ్లీ లోపలికెళ్లి మంచినీళ్లు తాగి వచ్చేవాడు. ఒకరోజు అక్కయ్యగారు ఆయన వచ్చేదాకా గుమ్మం ముందే నిలబడ్డారు.

"అన్నా, పొద్దుగాల లేస్తే నాకు వందల పిట్టలు ఎదురొస్తయి. ఒక్కటి సావలే. మీకేం కాదు, పోయిరాన్రి."

ఆయన ఆ రోజు రెండోసారి నీళ్లు తాగి ఉంటాడు. నాకు మాత్రం ఆ మాటతో ధైర్యం వచ్చింది. మర్నాటినుంచి నేనూ శాలువా కప్పుకుని ఆవిడ వెంట నడిచాను. "బాగ్‌కు పోదాం నడు, మంచు పోతది," అని తలుపు కొట్టేవారు. పబ్లిక్ గార్డెన్స్ ఆవిడ నోట్లో ఎప్పుడూ బాగే.

చలికాలం పొద్దున ఆ తోట చూడాలి. పచ్చిక మీద మంచు తెల్లగా ఉండేది. మాలీలు ఎండుటాకులు కుప్పేసి అంటించి, చేతులు కాచుకుంటూ ఉండేవారు. పాత షేర్వానీల్లో ముసలి పెద్దమనుషులు చేతికర్రలు ఆడిస్తూ నడిచేవారు, అక్కయ్యగారికి సలాం కూడా చేసేవారు. తామరకొలను పక్కన కొంగ ఒకటి ఆఫీసుకు ముందే వచ్చిన గుమస్తాలా నిలబడి ఉండేది. నేను తిరుగుతూ ఉండేదాన్ని. ఆవిడ తిరిగేవారు కాదు. నిలబడేవారు.

ఆవిడ పద్ధతి అది. పిట్ట వెంట పడితే పిట్ట ఎగిరిపోతుంది. అందుకని తూర్పుకు వీపు పెట్టి, కెమెరాను పొట్టకు ఆనించి, దాని నెత్తిమీది చిన్న అద్దంలోకి తల వంచి చూస్తూ, కొయ్యలా కదలకుండా నిలబడేవారు. "సూర్యుడు నా వీపుకున్నడా? పిట్ట నా దిక్కు చూస్తే దాని కండ్లల్ల వెలుగు కొడ్తది. నేను దానికి మనిషిలెక్క కనిపియ్య. దగ్గరికి మనం పోవద్దు చెల్లె, అదే వస్తది." నిజంగానే వచ్చేది. కాసేపటికి గోరింకలు, పావురాలు, ఉడతలు ఆవిడ ముందు పచ్చికలో బజారు పెట్టేవి. క్లిక్‌మన్న చప్పుడుకు ఒక్కసారి తలెత్తి, మళ్లీ వాటి పనిలో అవి పడేవి.

ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. చలికాలం ఎండ ఏటవాలుగా వస్తుంది. వీపు మీద పడ్డ ఎండ ముందు పొడుగాటి నీడ పరుస్తుంది. అందుకని ఆవిడ తీసిన ప్రతి ఫొటోలోనూ కిందినుంచి ఆవిడ నీడ పాకుతూ వచ్చేది. గుండ్రటి తల, వెనక కొప్పు, శాలువా కప్పిన భుజాలు, కెమెరా పట్టుకున్న మోచేతులు రెండువైపులా గంగాళం చెవుల్లా. స్టూడియో ఆయనకు అది చూస్తే తలనొప్పి.

"అమ్మా, గిదేందమ్మా! తీసెటోళ్ల నీడ ఫొటోల పడొద్దు. జర పక్కకు జరిగి తీయున్రి."

"పక్కకు జరిగితే పిట్ట ఉరుకుతది."

"అయితే కడిగినంక నీడ కాడికి కోసిస్త. పిట్ట ఒక్కటే మంచిగుంటది."

"కోసినవంటే పైసలియ్య," అనేవారు ఆవిడ. ఏళ్ల తరబడి వాళ్లిద్దరి మధ్యా ఇదే భాగవతం. నేను మా ఆఫీసునుంచి దిగి వచ్చి పంచాయితీ చెయ్యాల్సి వచ్చేది.

ఒకసారి నేనే అడిగాను, "పోనీ మీ ఫొటో ఒకటి చక్కగా కూర్చుని తీయించుకోకూడదూ?" అని.

"మొహం అద్దంల చూస్కుంట గద చెల్లె. ఫొటోల నేను నిలబడ్డ జాగ ఉంటే సాలు," అన్నారు. అప్పుడది మాట దాటెయ్యడం అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు.

ఒక పుష్యమాసంలో ఆ పిట్ట వచ్చింది. గోధుమరంగు ఒళ్లు, రెక్కల మీద నలుపు తెలుపు చారలు, పొడుగాటి ముక్కు, నెత్తిన విసనకర్రలా విచ్చుకునే తురాయి. మేం కూకుడుగువ్వ అంటాం. అక్కయ్యగారు హుద్‌హుద్ అనేవారు. అది పచ్చికలో పురుగులు పొడుచుకుంటూ, పొడుచుకుంటూ, ఆవిడ నీడలోకి నడిచి వచ్చింది. నడుము దగ్గర ఆగింది, భుజం దగ్గర ఆగింది, చివరికి తల పక్కన, సరిగ్గా కొప్పు దగ్గర నిలబడి తురాయి విప్పింది. నేను రావిచెట్టు పక్కన ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. ఆవిడ వేలు కదిలింది. ఆ తర్వాత అక్కడే పచ్చికలో చతికిలబడి, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు.

ఫొటో కడిగి తెచ్చాక మొదట చూసింది పెద్దావిడ. అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. మొహం ఎర్రబడింది.

"గిదేందే? కొప్పుల పువ్వు పెట్టుకున్నవా?"

"పువ్వు కాదక్కా, పిట్ట."

"ఏదైతేంది? చూసెటోళ్లకు పువ్వులెక్కనే ఉన్నది. నలుగురు చూస్తే నా ఇజ్జత్ ఏంగావాలె? నడింట్ల పెట్టకు."

అక్కయ్యగారు నడింట్లో పెట్టలేదు. ఆ పెద్ద గదిలో గోడనిండా ఇంటి పెద్దల ఫొటోలు, దండలు, బొట్లు. బతికున్నవాళ్ల ఫొటో ఒక్కటీ ఉండేది కాదు. దీన్ని తన గదిలో, అద్దం పక్కన మేకుకు తగిలించుకున్నారు. "అయ్యో, నా పిట్ట బతికే ఉన్నది గద, నడింట్ల ఎట్ల పెడ్త?" అని నాతో అన్నారు.

ఆ ఫొటో చూసి స్టూడియో ఆయనకే మతిపోయింది. ఊళ్లో ఒక ఫొటోల క్లబ్బువాళ్లు ఆబిడ్స్‌లో ఒక హాల్లో ఏటా ప్రదర్శన పెట్టేవారు. అక్కయ్యగారిని బతిమాలి, ఆయనే దాన్ని పంపాడు. తీసుకున్నారని కబురు వచ్చింది. ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకున్నారు, నేను ఆఫీసుకు సెలవు పెట్టాను. ఇద్దరం వెళ్లి గోడల వెంట వెతికాం. ఎంతకీ కనబడలేదు. కనబడకేం, కనబడింది. పిట్ట ఒక్కటే ఉంది. నీడ దగ్గరికి కత్తిరించి, పిట్టను మాత్రం పెద్దది చేసి, నల్లటి చట్రంలో పెట్టారు. కింద ప్రోత్సాహక బహుమతి అని చీటీ.

అక్కయ్యగారు నీడ కోసం చట్రం కింది అంచు దాకా వెతికారు. నాకు భయం వేసింది. సూటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన వచ్చి అభినందనలు చెప్పి, దయతో పాఠం కూడా చెప్పాడు.

"అమ్మా, ఫొటోగ్రాఫరు నీడ ఫ్రేములో పడటం ఈ కళలో మొదటి తప్పు. మేం దాన్ని తీసేశాం కాబట్టి మీ ఫొటో నిలబడింది."

"సూర్యుడు వీపుకుండాలె అని కెమెరాతోని వచ్చిన కాయితంల మీలాంటోళ్లే గద రాసిన్రు?"

"అవునమ్మా, అయినా..."

"వీపుకు సూర్యుడుంటే ముంగట నీడ పడ్తది. పడకుంటే మనిషి కాదు, దయ్యం. నేను దయ్యాన్నా?" ఆవిడ గొంతు హాలంతా వినిపించింది. "ఆ పిట్ట గడ్డి మీద నిలబడలే. నా మీద నిలబడ్డది. నన్ను కోసి పిట్టను పెట్టుకుంటరా? నాకొద్దు మీ బహుమతి."

అని, పైకి చెయ్యి చాచి ఆ చట్రాన్ని మేకునుంచి తీసి చంకలో పెట్టుకున్నారు. ఎవరూ అడ్డు రాలేదు. మెట్లు దిగేటప్పుడు ఆవిడే ముందు, వెనక నేను. తిన్నగా మొజంజాహీ మార్కెట్టుకు నడిచి, ఎముకలు కొరికే చలిలో ఇద్దరికీ ఐస్‌క్రీం చెప్పారు. "కడుపు మండుతున్నది చెల్లె, సల్లార్చాలె," అన్నారు. తింటూ తింటూ ఏడ్చారు. ఆవిడ ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే. ముక్కు తుడుచుకుని, రెండో కప్పు కూడా తిన్నారు.

స్టూడియో ఆయన చాలా నొచ్చుకున్నాడు. కోసింది ఆయన కాదు, క్లబ్బువాళ్లు అడిగితే నెగటివు ఇచ్చాడంతే. మళ్లీ మొత్తం ఫొటోను, నీడ మొదలునుంచి పిట్ట తురాయి దాకా, పెద్దదిగా కడిగి, తనే చట్రం కట్టించి తెచ్చి ఇచ్చాడు. అప్పటినుంచి ఆవిడ రీళ్ల దగ్గర కత్తెర ఎత్తలేదు.

ఆవిడ మొండితనం పిట్టల దగ్గరే ఆగేది కాదు. ఆంధ్రావాళ్లు వెళ్లిపోవాలని ఊళ్లో గొడవలు రేగిన ఆ చలికాలం, సందులోవాళ్లు నలుగురు వచ్చి మమ్మల్ని ఖాళీ చేయించమన్నారు. నేను తలుపు వెనక నిలబడి విన్నాను. "మీ కొట్లాటల న్యాయమున్నది, నేను గూడ ఔననే అంట," అన్నారు ఆవిడ. "గని ఈమెను పంపిస్తే, పొద్దుగాల నాతోని బాగ్‌కు మీల ఎవరొస్తరు? చెప్పున్రి, రేపటిసంది తలుపు కొడ్త." చలికి లేచే వీరుడు ఎవరూ ముందుకు రాలేదు. మర్నాడు మా తలుపే కొట్టారు.

తర్వాత మాకు మలక్‌పేటలో క్వార్టరు వచ్చి ఇల్లు మారాం. అయినా చలికాలం ఆదివారాల్లో మొదటి బస్సెక్కి నాంపల్లి వచ్చేసేదాన్ని. ఈ మధ్య ఆవిడకు మోకాళ్లు పట్టేశాయి. తోటదాకా రిక్షాలో వచ్చి, లోపల మాత్రం నిలబడే తీసేవారు. "కూసుంటే నా నీడ కూడ కూసుంటది, పిట్టకు అందది," అనేవారు. మొన్న దసరాకు వెళ్లినప్పుడు కెమెరా తుడిచి కొత్త రీలు వేసి పెట్టుకున్నారు. చలి ముదిరాక రమ్మన్నారు. ఆ చలి ముదరకముందే నిద్రలో వెళ్లిపోయారు.

స్టూడియో ఆయన చెప్పిన మర్నాడే నాంపల్లి వెళ్లాను. పెద్దావిడ కొడుకు ఇప్పుడు ఇంటి యజమాని. మంచివాడే, చిన్నమ్మ అంటే ప్రాణం. అందుకే ఆవిణ్ణి పట్టుచీరలో కూర్చోబెట్టాలనుకున్నాడు. నేను ఆవిడ గదిలోకెళ్లి, అద్దం పక్కనున్న, స్టూడియో ఆయన కట్టించిచ్చిన ఆ చట్రాన్ని తీసి తెచ్చి అతని ముందు పెట్టాను.

"ఇదీ మీ చిన్నమ్మ. ఇది పెట్టండి."

"అక్కా, గిది నీడ! నీడకు దండేస్తే చుట్టాలు నవ్వరా?"

"నవ్వనివ్వు. ఆవిడ ఉండగా నవ్వలేదా? నవ్వి నవ్వి వాళ్లే అలిసిపోయారు. ఆవిడ ఆగారా?"

"మొహం కావాలె గద అక్కా! రేపు మా పిల్లలు చూస్తే చిన్నాయనమ్మ ఎట్లుండేదో తెల్వాలె గద?"

"ఆ పట్టుచీర మనిషిని చూస్తే తెలుస్తుందా? అది ఎవరో నీకు తెలుసా?"

ఇద్దరం గొంతులు పెంచాం. మూల చెక్క తఖ్తు మీద పడుకున్న పెద్దావిడ నెమ్మదిగా లేచి కూర్చున్నారు. ఆవిడకు ఇప్పుడు కళ్లు సరిగా ఆనవు. చట్రం ఒళ్లో పెట్టించుకుని, గాజు మీద వేళ్లతో తడుముతూ చాలాసేపు చూశారు.

"అతుకుల మనిషి నాకొద్దు బిడ్డా," అన్నారు కొడుకుతో. "వచ్చినకాడికెల్లి దీంతోని కొట్లాడిన. ఇయ్యాల దీని జాగల ఎవతినో పట్టుచీర కట్టి తెస్తే, పొద్దున లేచి దాంతోని కొట్లాడమంటవా? గిదే పెట్టు. నడింట్ల పెట్టు."

నేను తఖ్తు అంచున కూర్చుని పెద్దావిడ చెయ్యి పట్టుకున్నాను.

దినాల రోజు ఇంటినిండా చుట్టాలు. పెద్దగదిలో అక్కయ్యగారి భర్త ఫొటో పక్కనే ఆ చట్రం పెట్టారు. ఇంటి కోడలు కుంకుమ పళ్లెం పట్టుకుని వరసగా ఫొటోలకు బొట్లు పెడుతూ వచ్చి, అక్కయ్యగారి దగ్గర ఆగిపోయింది. మొహం లేకపోవడం ఒకటి, భర్త పోయిన మనిషికి కుంకుమ పెట్టకూడదన్న ఆచారం ఒకటి. విభూతి తేవాలా, ఊరికే వదిలెయ్యాలా అని ఆడవాళ్లు గుసగుసలాడారు. నా నోటిదాకా మాట వచ్చింది. నాకంటే ముందే తఖ్తు కిర్రుమంది.

పెద్దావిడ గోడ పట్టుకుని లేచి వచ్చారు. కోడలి చేతిలో పళ్లెం లాక్కున్నారు. వేలు కుంకుమలో అద్ది, గాజు మీద తడిమి, ఆ నీడ తల ఎక్కడుందో వెతికి, నుదురు ఉండాల్సిన చోట ఇంత బొట్టు పెట్టారు.

"ఏం చూస్తున్నరు?" అన్నారు ఇటు తిరిగి. "నీడకు మొగడు సస్తడా?"

కొడుకు బంతిపూల దండ తెచ్చి చట్రానికి వేశాడు. అది జారి కొప్పు దగ్గరున్న పిట్టను కప్పేసింది. పెద్దావిడ చెయ్యి ఎత్తి, వేళ్లతో తడిమి దండను పక్కకు జరిపారు. ఎర్రటి బొట్టు, దాని పక్కన తురాయి విప్పిన పిట్ట, రెంటి కిందా మోచేతులు చాచి కదలకుండా నిలబడ్డ మా అక్కయ్యగారు.